నాన్న ఉద్యోగం పేరు

"స్ఖేప్‌వార్ట్‌వె... వె... వె..."

విబ్రెన్ మళ్ళీ ఆగిపోయాడు. టెర్‌స్ఖెలింగ్ దీవికి పోయే ఓడ పైఅంతస్తులో, గాలికి ఎదురుగా నిలబడి, ఓడ బయల్దేరినప్పటి నుంచీ అదే మాట.

సముద్రంలో ఓడలకు రేడియోలో దారి చెప్పే అధికారి అని వాళ్ళ భాషలో దానికి అర్థం. నాన్న బతుకంతా చేసిన ఉద్యోగం అదే. మధ్యాహ్నం నాన్న అంత్యక్రియలు. కొడుకుగా నాలుగు మాటలు మాట్లాడాలి. విబ్రెన్‌కేమో చిన్నప్పటి నుంచీ నత్తి.

"'ఓడలాయన' అనరా, సరిపోతుంది. ఆ మాట నువ్వు ముగించేసరికి అంత్యక్రియలయ్యాక జనానికిచ్చే కాఫీలు చల్లారిపోతాయి. లేదంటే నేను చదివేస్తాలే" అన్నాడు బాబాయి సీబె.

"ఆ మాటే చె... చెప్తాను. నేనే చెప్తాను."

బాబాయి భుజాలెగరేసి లోపలికి పోయాడు.

పక్క బెంచీ మీది ముసలావిడ ఇటు తిరిగింది. ఆకుపచ్చ వానకోటు వేసుకుంది.

"'వెర్' మీద ఎందుకు నిలబడతావు బాబూ? దానికి నిన్ను మోసే బలం లేదు. అది ఒక్క మాట కాదు. స్ఖేప్‌వార్ట్. వెర్‌కేర్స్. లైడర్. బరువంతా మొదటి 'స్ఖేప్' మీద వేసెయ్. 'వెర్'ను తగిలీ తగలకుండా దాటి 'కేర్స్' మీద దిగు."

విబ్రెన్ ముఖం కందిపోయింది. ఇంతసేపూ తన నత్తి వింటూ కూర్చుందన్నమాట.

"మిమ్మల్ని అ... అడిగానా? మీ పని చూసుకోండి."

"నిజమే, అడగలేదు" అంటూ ఆవిడ నెమ్మదిగా లేచి వెళ్ళిపోయింది.

ఎవరూ లేరని చూసుకుని విబ్రెన్ 'స్ఖేప్' మీద బరువు వేశాడు. మాట ఒడ్డెక్కింది.

దీవి కనబడే దాకా అంటూనే ఉన్నాడు.

చర్చిలో తక్కిన మాటలన్నీ తడబడ్డాయి. అయినా ఆగలేదు.

"మా నాన్న హార్మెన్... స్ఖేప్‌వార్ట్‌వెర్‌కేర్స్‌లైడర్."

బాబాయి తల దించుకున్నాడు. చివరి వరసలో ఆకుపచ్చ కోటు కనిపించింది. అందరి పరామర్శలూ అయ్యేసరికి ఆ కుర్చీ ఖాళీగా ఉంది. తిరుగు ఓడ కూడా వెళ్ళిపోయింది.

"ఆ మాట అంత సాఫీగా ఎలా వచ్చిందిరా?" అంది అమ్మ.

"ఓడలో ఒ... ఒకావిడ చెప్పింది. కసురుకున్నాను. ఇక్కడికీ వచ్చింది. ఆకుపచ్చ కోటు."

అమ్మ కాఫీ కప్పు కింద పెట్టింది.

"రోయెల్కె టీచరు. తనెవరో చెప్పలేదా నీకు?"

"లేదు."

"కుర్రతనంలో మీ నాన్నకు నీకంటే ఎక్కువ నత్తి. ఆ మాట ఆయన చేత పలికించి, ఆ ఉద్యోగానికి పంపింది ఆవిడే."