గొంతు తగ్గించిన తీతువు

వాగొడ్డున గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టుకున్న తీతువు పిట్టకి కాలు ఒకచోట నిలవడం లేదు. పోయినేడు నక్కని చూసి గుడ్ల పక్కనే గొంతు చించుకుంది. అరుపు ఎటు పెరిగితే అటే నడిచొచ్చి, నక్క గుడ్లన్నీ మింగేసి పోయింది.

ఇవాళ మళ్లీ పొదల్లో నక్క కనబడింది. తీతువు ఆపుకోలేక అరిచేసింది. నక్క ఇటే తిరిగింది.

"ఓసి పిచ్చిదానా!" అంది పక్కనున్న ముసలి తాబేలు. "అరుపు పెద్దదైతే దగ్గరికొచ్చానని, చిన్నదైతే దూరమయ్యానని వాడి లెక్క!"

నోరు మూసుకోవడం తీతువు వల్ల అయ్యే పని కాదు. అందుకని గుడ్ల మీద కూర్చుని, నక్క అడుగు వేసినప్పుడల్లా గొంతు ఇంకాస్త తగ్గించి కూసింది.

నాలుగు బారల దూరంలో నక్క ఆగింది. "ఇదేంటి, నడిచేకొద్దీ దూరమైపోతోంది! దారి తప్పానే!" అని గొణుక్కుంటూ వెనక్కి తిరిగి పరుగెత్తింది.

అంతలో పొట్టకింద, గుడ్డులోంచి ఒక పిల్ల 'కిచ్' మంది.

తీతువు అదిరిపడింది. "నెమ్మదిగా అమ్మా, అడవంతా వినబడుతుంది!"