పసుపు గొడుగు

అవతలి ఒడ్డున నర్సు డ్యూటీ ముగించుకొని వస్తూ జ్యోత్స్న ఇంద్రావతి వంతెన మీద స్కూటీ ఆపింది. పాతగూడెంలో చెల్లెలు నిఖిత ఒక్కతే ఉంది. చీకటి పడ్డాక ఎవరు పిలిచినా ఆ పిల్ల తలుపు తీయదు. ఇద్దరూ ఫోన్లో ఆడే నిధుల వేట ఆటలో, ఫోన్ ఎక్కడుంటే మ్యాప్‌లో ఆ మనిషి బొమ్మ అక్కడే కనిపిస్తుంది. అక్క బొమ్మ ఇంటి దాకా వస్తేనే నిఖిత గొళ్లెం తీస్తుంది.

జ్యోత్స్న ఆట తెరిచింది. మ్యాప్‌లో వంతెన ఖాళీగా ఉంది. పసుపు గొడుగు పట్టుకున్న తన బొమ్మ వాళ్ల ఇంటి ముందు నిలబడి ఉంది.

పోయిన వారం అమ్మిన పాత ఫోన్ గుర్తొచ్చింది. అందులో ఆట ఖాతా తీసేయలేదు. "ఉండనీ అక్కా, నేనే తీసేస్త" అన్నాడు కొన్నతను.

వెంటనే ఫోన్ చేసింది. "నిక్కీ, తలుపు తియ్యకు."

"ఎప్పుడో తీసిన. గొడుగు గడప కాడ్నే కనవడ్డది గదా. ఎవ్వరు లేరు. నన్ను పరేషాన్ చెయ్యనీకి దాసుకున్నవని ఇంటెనకకు పోయి గూడ చూసొచ్చిన."

"నేనింక బ్రిడ్జి మీదనే ఉన్ననే."

"అబ్బ, ఆపక్కా. ఇగ గొళ్లెం పెట్టుకున్న. నువ్వొచ్చి కొట్టినా తియ్య."

జ్యోత్స్న మళ్లీ మ్యాప్ చూసింది. పసుపు గొడుగు గడప దాటింది. ఇంటి మధ్యలో కదలకుండా ఉంది.

"నిక్కీ," అంది గొంతు తగ్గించి. "చప్పుడు చెయ్యకుంట గొళ్లెం తియ్యి."