గుంటలో దొరికిన పన్ను

క్వీన్స్‌లాండ్ కరువుకు గొర్రెలు తాగే నీటిగుంట ఎండిపోయి, అడుగున ఎముకలు బయటపడ్డాయి.

“మూడేళ్లుగా కనబడని నా కొడుకువే అవి. చంపి పాతిపెట్టింది నువ్వేనే,” అంది మెర్ల్, కోడలి మొహం మీదే.

“నీ కొడుకు నన్ను చితకబాది తనే ఇల్లొదిలి పోయాడత్తా. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్,” అంది జనీన్.

నెల తిరక్కుండా పోలీసు వచ్చాడు. “పన్ను ఎనామిల్లో ఉండే ప్రొటీన్‌ని పరీక్ష చేయించామమ్మా. మనిషి ఆడో మగో అది చెప్పేస్తుంది. ఇవి ఆడమనిషి ఎముకలు.”

జనీన్ అత్తవైపు తిరిగింది. “విన్నావా? ఇప్పుడేమంటావ్?”

జనీన్ కంటే ముందు ఆ ఇంటికొచ్చిన మొదటి కోడలు ఎవడితోనో లేచిపోయిందని ఊరందరికీ చెప్పింది మెర్లే.