ఫోన్ చెయ్యకూడని వేళ

“మామా, నీకు ఫోన్ చేసే టూల్‌కు ఏం రాయమంటవ్?” ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మేనకోడలు కృతిక అడిగింది. రేపటి నుంచి, రైతుల పసుపును కమీషన్ మీద వేలంలో అమ్మిపెట్టే భూమేశ్వర్ అడ్తి దుకాణంలో రైతులకు ఏఐ ఏజెంటే జవాబు చెప్తుంది. ఏ టూల్ ఎప్పుడు వాడాలో రాసిపెడితే అది అలాగే నడుచుకుంటుంది.

“వేలం నడిచేటప్పుడు నాకు ఫోన్ చెయ్యొద్దు. అంతే రాయి.”

“ఏమైనా సరేనా?”

“ఏమైనా సరే.”

కృతిక రాయలేదు. “గట్ల రాస్తే, బస్తాలు మీదవడి హమాలి సచ్చేటట్టున్నా అది ఫోన్ చెయ్యది మామా. వేలం అయ్యేదాంక ఊకుంటది.”

“గా మాత్రం తెల్వదా దానికి? మస్తు తెలివిగలది అంటివి!”

“నువ్వు వద్దన్నవ్, అది ఇన్నది. ఎప్పుడు చెయ్యాల్నో నువ్వు చెప్పకుంటే తప్పు దానిదెట్లైతది?”

భూమేశ్వర్ గోడ మీది ఫొటో వైపు తిరిగాడు.

చనిపోయిన భార్య లక్ష్మీబాయిని అతను మూడేళ్ళుగా తిడుతూనే ఉన్నాడు. పోయిన రోజు పొద్దున పదింటికే ఆమెకు ఛాతీలో నొప్పి లేచింది. ఫోన్ చేతిలోనే ఉంది. చేసింది మాత్రం ఒంటిగంటకు, వేలం ముగిశాక. బుద్ధిలేనిదని దినాల నాడు నలుగురిలోనే అన్నాడు.

“మీ అత్తకు గూడ గిదే చెప్పిన,” అన్నాడు మెల్లగా. “సెల్లు కొనిచ్చిన నాడు. గీ మాటలే.”

కృతిక వేళ్ళు కీబోర్డు మీద పెట్టింది.

“రాయి బిడ్డా. పానం మీదికొస్తే ఎంటనే చెయ్యాలె. నేను కసిరినా చెయ్యాలె. ఎత్తేదాంక చెయ్యాలె.”