ఏడాది మీద ఒక్కరోజు

పంతొమ్మిది వందల అరవై ఏడులో ఒక మధ్యాహ్నం. తార్నాక దగ్గరి యూనివర్సిటీలో లెక్చరర్ లక్ష్మీనర్సయ్య మధ్యయుగాల యూరప్ పట్టణాల పాఠం ముగించి బయటికి వచ్చేసరికి, వరండా ఊడ్చే లింగమ్మ ఆయన కోసం నిలబడి ఉంది. ఆమె ఎవరితోనైనా మాట్లాడగా ఆయన ఎన్నడూ చూడలేదు.

“సారూ, యాపారం పెరిగి పట్నాలు లేసినంక, దొర కాడికెల్లి ఉరికొచ్చినోళ్లు ఆడ ఏడాది మీద ఒక్కరోజుంటే ఇగ దొర పట్టుకపోరాదంటిరి. నిజమేనా?”

“నిజమే. కానీ అది వేరే దేశం, ఎనిమిది వందల ఏండ్ల కిందటి మాట.”

“మన దగ్గర ఎన్నేండ్లుండాలె?”

“ఒక్కరోజు కూడా అక్కర లేదు. ఇక్కడ ఎవరూ ఎవరినీ పట్టుకపోరాదు. చట్టం ఉన్నది.”

లింగమ్మ గోడకు ఆనుకుంది.

“నేను మా దొర గడిల వెట్టి చెయ్యలేక ఉరికొచ్చి తొమ్మిదేండ్లాయె. గుర్తువడ్తరని తార్నాకల ఎవ్వలతోని కలువలే, ఒక్కదాన్నే ఉన్న. నా పేరు గూడ లింగమ్మ గాదు సారూ, సారలమ్మ. ఒక్కసారి గా పేరువెట్టి పిలువుండ్రి.”

“సారలమ్మా,” అని పిలిచాడాయన.

ఆమె ఉలిక్కిపడి, ఎవరైనా విన్నారేమోనని వరండా అంతా చూసింది. ఎవరూ లేరు. అప్పుడు మెల్లగా, “ఆఁ” అని పలికింది.