కెరమెరి ఘాట్ మీద పత్తిబండి

హారన్ మోతకు ఎడ్లు బెదిరాయి. పత్తిబండి ఒరిగి రోడ్డు పక్క కాలువలోకి దిగింది.

బాలకిషన్‌రావు మోటర్ సైకిల్ ఆపలేదు. వెనక కూర్చున్న సిద్దిరాములు భుజం పట్టి ఆపించాడు.

"జర ఆగు కిషన్. పాపం, బండి దిగబడ్డది."

బండివాడు అప్పటికే చెర్నకోలతో మీదికి వస్తున్నాడు. యాభై ఏళ్ల మనిషి. మాసిన గడ్డం, ఎర్రటి కళ్లు.

"కండ్లు నెత్తికెక్కినయా? రోడ్డు మీ అయ్యదా?"

"మాట సక్కగ రానియ్యి."

"రాకుంటే ఏం జేస్తవ్?"

బాలకిషన్‌రావు దిగి చెంప మీద కొట్టాడు. ఇంట్లో జీతగాళ్లను కొట్టి అలవాటైన చెయ్యి.

బండివాడు తిరిగి కొట్టలేదు. మోటర్ సైకిల్ ముందు చక్రం మీద ఉమ్మేసి, వెనక్కి తిరిగి ఎడ్ల దగ్గరికి పోయాడు.

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా మోటర్ సైకిల్ మీద పోయి రావాలని ఇద్దరు దోస్తులూ ఏడాదిగా అనుకుంటున్నారు. ధర్మపురి దగ్గర మోటర్ సైకిల్‌ను పడవలో గోదావరి దాటించారు. ఆసిఫాబాద్ దాటి ఈ ఘాట్ కొండదారి ఎక్కినప్పటి నుంచి సిద్దిరాములు ప్రతి మలుపులోనూ "ఆపు, చూద్దాం" అంటూనే ఉన్నాడు. బడిపంతులు. అంత అడవినీ, అంత లోతు లోయనూ ఎన్నడూ చూసినవాడు కాదు.

ఇప్పుడు మళ్లీ మోటర్ సైకిల్ కదిలాక మాత్రం ఆపమనలేదు.

"కొట్టకుంటే అయిపోతుండె," అన్నాడు.

"నువ్వు సప్పుడు జెయ్యకు."

కోపంతో బాలకిషన్‌రావు వేగం పెంచాడు. నాలుగో మలుపులో గులకరాళ్ల మీద చక్రం జారింది.

అతను రోడ్డు మీదే పడ్డాడు. సిద్దిరాములు లోయ వైపు దొర్లి ఒక బండరాయికి తగిలి ఆగాడు. మోకాలి కింద కాలు పక్కకు తిరిగిపోయింది.

అతన్ని రోడ్డు మీదికి లాక్కొచ్చేసరికి గంట పట్టింది. మనిషి లేడు, ఊరు లేదు. టేకు చెట్లూ, సిద్దిరాములు మూలుగూ.

చివరికి ఎడ్ల గంటలు వినిపించాయి. అదే పత్తిబండి.

"అన్నా..." అన్నాడు బాలకిషన్‌రావు.

"ఇప్పుడు అన్ననైతినా?"

"నాది తప్పే. నన్ను ఎన్నన్న తిట్టు. నా దోస్తును మాత్రం ఆసిఫాబాద్ దవాఖానకు చేర్చు."

"నీ దోస్తు సస్తే నాకేంది?"

అంటూనే బండి దిగాడు. కాలి దగ్గర కూర్చుని వేళ్లతో నెమ్మదిగా తడిమాడు.

"ఏ ఊరు మీది?"

"మంథని కాడ."

"ఎవరి కొడుకువు?"

"మధుసూదన్‌రావు దొర కొడుకును."

తడుముతున్న వేళ్లు ఆగాయి. బండివాడు బాలకిషన్‌రావు ముఖంలోకి చూశాడు. లేచి బండెక్కాడు.

వదిలేసి పోతాడనుకున్నాడు బాలకిషన్‌రావు.

కానీ అతను తాళ్లు విప్పి పత్తిని కిందికి తోయడం మొదలుపెట్టాడు. ఒక మనిషి పడుకునేంత ఉంచి మిగిలిందంతా రోడ్డు పక్కన పారబోశాడు. కత్తితో వెదురు చీల్చి బద్దలు చేశాడు. తలపాగ చింపాడు.

"పట్టుకో. చేతగాకుంటే పక్కకు పో."

కాలు పట్టి ఒక్క లాగు లాగాడు. సిద్దిరాములు పెట్టిన కేకకు చెట్ల మీది పిట్టలన్నీ లేచాయి. బద్దలు పెట్టి కట్టు బిగించాక అతని మూలుగు తగ్గింది.

బండిని వెనక్కి తిప్పి పన్నెండు మైళ్లు తోలాడు. ఒక్క మంచి మాట మాట్లాడలేదు.

దారిలో బాలకిషన్‌రావు నీళ్ల సీసా అందించాడు.

"మీ ఇంటోళ్ల చేతి నీళ్లు నాకద్దు."

దవాఖాన ముందు సిద్దిరాములును దించి, ఎడ్లను మళ్లించాడు.

"నీ పేరన్న చెప్పు."

"నా పేరు నీకెందుకు?"

అంతే. పోయాడు.

పొద్దున డాక్టర్ కట్టును అటూ ఇటూ చూసి, "ఎవరు కట్టారు దీన్ని? నేను విప్పాల్సిన పనే లేదు. మీవాడి కాలు దక్కింది," అన్నాడు.

"ఎవరో మొండోడు," అన్నాడు బాలకిషన్‌రావు. "పాణం తీసినంత పని జేసిండు."

సిద్దిరాములు మంచం మీద నుంచే చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు పోయి ఆయనకు దండం పెట్టి రా కిషన్. నా కోసమన్న పో."

పదిహేను రోజులకు మోటర్ సైకిల్ బాగు చేయించుకుని మళ్లీ ఘాట్ ఎక్కాడు. ఆ మలుపులో పత్తి ఇంకా ముళ్లకంపలకు చిక్కుకొని మట్టిరంగు తిరిగి ఉంది. పైన ఊళ్లో ఆనవాళ్లు చెప్పి అడిగితే ఒక గుడిసె చూపించారు. తడిక తీసే ఉంది. లోపల పొయ్యి రాళ్లు తప్ప ఏమీ లేవు.

పక్క గుడిసె గంగుబాయి మోటర్ సైకిల్ చూసి జొన్నల చాట దించి లేచింది.

"ఈ ఇంటాయన ఏడి అవ్వా?"

"పోయిండు. పెండ్లాం పిల్లలతోని సరిహద్దు దాటి చాందా దిక్కు పోయిండు."

"ఎందుకు?"

"ఆ దొర కొడుకువు నువ్వేనా?" ఆమె గొంతు మారింది. "నీతోని మీ బాపుకు జాడ తెలుస్తదని పోయిండు. పన్నెండేండ్లు ఈడ దాక్కొని బతికిండు."

"మా బాపు ఆయనకు ఏం జేసిండు?"

గంగుబాయి అతన్ని కింది నుంచి పై దాకా చూసింది.

"మీ ఊర్ల విరిగిన ఎముకలు కట్టేటోడు బాలమల్లు ఒక్కడే ఉండె బిడ్డా, దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లకు కట్టు కట్టిండని మిలిట్రీ వచ్చిన యేడు మీ బాపు దగ్గరుండి ఆయన కాలే ఇరగ్గొట్టిస్తే, ఇంకొక దిక్కు లేక తన కాలు తానే కట్టుకొని ఈ గుట్టలెక్కిండు."