పీడీఎఫ్ తెమ్మన్నాను

"అన్నా, అమ్మ పదహారో రోజు కర్మ కార్డు. తిరువళ్ళూరులో టైప్ చేయించినా" అంటూ దేవేంద్రన్ తమిళనాడు పొదటూరుపేటలోని నా ప్రెస్సుకు పెన్‌డ్రైవ్ తెచ్చాడు.

చూస్తే వర్డ్ ఫైలు.

"పీడీఎఫ్ తెమ్మన్నాను గదరా! అది యాడ తెరిచినా మారదు. వర్డ్ అయితే ఆ ఫాంటు నా దగ్గర లేదు, తెలుగంతా చెదిరిపోతుంది."

"రెండూ ఫైలే గదన్నా. సీక్రం వెయ్యి."

మెడలో ఆఫీసు బిళ్ళ వేలాడేసుకున్న మనిషికి ఈపాటి తెలియదు. తెరిచి చూపించాను. అక్షరాలు తెలుగువే, మాట ఒక్కటీ కాదు. వాళ్ళమ్మ 'రాజామణి' పేరు 'జంఘౌఠి' అయి కూర్చుంది. వాడు పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చూసుకుని, "సూపర్‌గా ఉందన్నా" అన్నాడు.

తమిళ బడిలో చదివి, తెలుగులో అమ్మ పేరు కూడా చదవలేని వెధవ! బంధువుల్లో ఒక్కడైనా వీడి మొహం వాచేట్టు చీవాట్లు పెడతాడులే అని, అట్లాగే మూడు వందల కార్డులు కొట్టి ఇచ్చాను.

పదహారో రోజు ఆ చీవాట్లు వినడానికే వెళ్ళాను. కార్డు మీద ఫోటో బాగుందన్నారు. రంగు బాగుందన్నారు. అంతే.

గోడ మీద దండ వేసిన రాజామణత్త. చేనేత సంఘం నోటీసులో ఒక్క దీర్ఘం తప్పినా, మగ్గం దిగి వచ్చి నా ప్రెస్సు గడపలో నిలబడి కడిగేసిన మనిషి.

ఆ ఇంట్లో ఆ రోజు తెలుగు చదవగలిగినవాళ్ళం ఇద్దరమే. ఒకరు ఫోటోలో ఉన్నారు. రెండోవాణ్ణి నేను, తెలిసీ అచ్చేసినవాణ్ణి.